ఫీజు లేదు, పని తప్పదు: కెంటకీలోని బెరియా కాలేజీ సమీక్ష

అమెరికాలో ట్యూషన్ ఫీజు కట్టక్కర్లేని కాలేజీ ఒకటుందంటే మనవాళ్లు ముందుగా అనే మాట "ఎక్కడో మెలిక ఉండే ఉంటుంది" అని. ఉంది. కాలేజీ దాన్ని దాచిపెట్టదు. చేరిన ప్రతి ఒక్కరూ చదువుతో పాటు వారానికి కనీసం 10 గంటలు కాలేజీలో పని చేయాలి. మెస్సులో గిన్నెలు కడగడం, పందుల దొడ్డి శుభ్రం చేయడం, చీపుళ్లు కట్టడం, లైబ్రరీ కౌంటర్లో కూర్చోవడం, కంప్యూటర్లు బాగుచేయడం, ఏదైనా రావచ్చు. పని వద్దు, ఫీజు కట్టేస్తామంటే కుదరదు. ఇంకో విచిత్రం, డబ్బున్న ఇంటి పిల్లలకు ఇక్కడ సీటే ఇవ్వరు.

బెరియా కాలేజీ కెంటకీ రాష్ట్రంలో, లెక్సింగ్టన్ నగరానికి దక్షిణంగా సుమారు 40 మైళ్ల దూరంలో, అపలాచియన్ కొండలు మొదలయ్యే చోట ఉంది. విద్యార్థులు దాదాపు 1,500 మంది. మన దగ్గర ఒక కార్పొరేట్ ఇంటర్ కాలేజీ బ్రాంచిలోనే అంతమంది ఉంటారు. 1892 నుంచి ఇక్కడ ఎవరి దగ్గరా ట్యూషన్ ఫీజు తీసుకోలేదు. ఎక్కువమంది కెంటకీ, దాని చుట్టుపక్కల కొండ ప్రాంతాల పేద ఇళ్ల నుంచి వస్తారు. మిగతా దేశాలన్నిటికీ కలిపి ఏటా ఇచ్చే సీట్లు సుమారు 30.

మరి డబ్బు ఎక్కడిది? మూలనిధి, అంటే అసలు కదపకుండా మదుపు పెట్టి రాబడి మాత్రమే వాడుకునే సొమ్ము. 1920లో ట్రస్టీలు ఒక తీర్మానం చేశారు. ఫలానా పనికే వాడాలన్న షరతు లేకుండా ఎవరైనా వీలునామా రాసిన సొమ్మును ఖర్చు పెట్టకుండా మూలనిధిలో కలపాలని. నూరేళ్లు ఆ నియమం తప్పకుండా నడిచారు కాబట్టి ఇప్పుడు ఆ నిధి వంద కోట్ల డాలర్లు దాటింది. జీతాలు, కరెంటు, మరమ్మతుల్లో పెద్ద భాగం దాని రాబడి నుంచే నడుస్తుంది. దీనికో చిక్కు కూడా వచ్చిపడింది. 2017లో అమెరికా ప్రభుత్వం పెద్ద మూలనిధులున్న ప్రైవేటు కాలేజీల రాబడి మీద 1.4 శాతం పన్ను వేసినప్పుడు, పిల్లల దగ్గర పైసా తీసుకోని బెరియా కూడా ఆ లెక్కలోకి వచ్చేసింది. 2018లో చట్టం సవరించి, "ట్యూషన్ కట్టే విద్యార్థులు" 500 మంది అయినా ఉంటేనే పన్ను అని మార్చాక బయటపడింది.

బెరియా క్రైస్తవ కాలేజీ, అదెలాంటి క్రైస్తవమో తెలియాలంటే చరిత్రలోకి వెళ్లాలి. 1855లో జాన్ గ్రెగ్ ఫీ అనే పాదిరి ఒకే గదిలో బడి పెట్టాడు. ఆదివారం అదే గది చర్చి. ఫీ పుట్టింది బానిసలున్న ఇంట్లో. బానిసత్వం పాపమని బహిరంగంగా చెప్పినందుకు తండ్రి ఆస్తి దక్కకుండా చేశాడు. స్థలం ఇచ్చింది కాసియస్ క్లే అనే భూస్వామి, రాజకీయ నాయకుడు. బాక్సర్ మహమ్మద్ అలీకి పుట్టినప్పుడు పెట్టిన పేరు ఈయనదే. కాలేజీ పేరు బైబిల్లోని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం నుంచి తీసుకున్నారు. తెలుగు బైబిల్లో ఆ ఊరి పేరు బెరయ. క్రైస్తవ బోధకుడు పౌలు చెప్పాడు కదా అని తలూపకుండా, అది నిజమో కాదో రోజూ లేఖనాలు తిరగేసి చూసుకున్నవాళ్ల ఊరు. కాలేజీ ధ్యేయవాక్యమూ అదే అధ్యాయంలోని 26వ వచనం: దేవుడు భూమ్మీది జనులందరినీ ఒకే రక్తంతో చేశాడని. బానిసలను సంతలో అమ్మే రాష్ట్రంలో ఆ మాటను బడికి ధ్యేయంగా పెట్టుకోవడమంటే కయ్యానికి కాలు దువ్వినట్టే. 1859 డిసెంబరులో చుట్టుపక్కల పెద్దమనుషులు కట్టగట్టుకుని వచ్చి, పది రోజుల్లో రాష్ట్రం విడిచిపొమ్మని ఉపాధ్యాయుల కుటుంబాలను వెళ్లగొట్టారు.

అంతర్యుద్ధం ముగిశాక తిరిగొచ్చి 1866లో మళ్లీ తెరిచారు. ఆ ఏడాది 187 మంది చేరితే నల్లవారు 96, తెల్లవారు 91. ఒకే బెంచీ, ఒకే మెస్సు. దక్షిణాది రాష్ట్రాల్లో ఆ రోజుల్లో అది ఊహకందని సంగతి. నల్లజాతి చరిత్ర అధ్యయనానికి పితామహుడిగా పేరున్న కార్టర్ జి. ఉడ్సన్ ఇక్కడ 1903లో డిగ్రీ తీసుకున్నాడు. ఆ మరుసటి ఏడాదే, 1904లో, కెంటకీ శాసనసభ డే చట్టం తెచ్చింది. నల్లవారికీ తెల్లవారికీ ఒకే చోట చదువు చెప్పడం నేరం. రాష్ట్రంలో అలా చెబుతున్న కాలేజీ ఇదొక్కటే కాబట్టి ఆ చట్టం ఎవరి మీద గురిపెట్టిందో వేరే చెప్పక్కర్లేదు. కాలేజీకి 1,000 డాలర్ల జరిమానా పడింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1908లో ఓడిపోయారు. జస్టిస్ హార్లన్ మాత్రం గట్టిగా అసమ్మతి తీర్పు రాశాడు. నల్లజాతి పిల్లల కోసం లూయివిల్ దగ్గర లింకన్ ఇన్‌స్టిట్యూట్ అని వేరే బడి పెట్టించి, 1950లో చట్టం సడలగానే బెరియా మళ్లీ వాళ్లకు తలుపులు తెరిచింది.

నేరమంతా డే చట్టానిదే అనుకుంటే పొరపాటు. 1892లో అధ్యక్షుడైన విలియం గూడెల్ ఫ్రాస్ట్ అప్పటికే చూపును కొండ ప్రాంతాల తెల్ల పేదల వైపు తిప్పాడు. విరాళాలూ ఆ మాట మీదే బాగా వచ్చాయి. చట్టం రాకముందే నల్లజాతి విద్యార్థుల వాటా బాగా తగ్గిపోయింది. కాలేజీ ఇప్పుడు రెండు ధ్యేయాలనూ కలిపే చెబుతుంది. కానీ వాటి మధ్య జరిగిన పెనుగులాట తెలియకపోతే ఈ చోటు సగమే అర్థమవుతుంది. కెంటకీలోనే పుట్టిన నల్లజాతి రచయిత్రి బెల్ హుక్స్ పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పి, 2004లో ఇక్కడికొచ్చి 2021లో చనిపోయేదాకా ఈ ఊళ్లోనే ఉండిపోయింది. ఆ పెనుగులాటను కాలేజీ కప్పిపుచ్చదనడానికి ఆమె ఉండటమే ఒక గుర్తు.

ఇక అసలు విషయం, పని. పని విభాగాలు వందకు పైగా ఉన్నాయి. కొత్తగా చేరినవాళ్లకు విభాగం కాలేజీయే కేటాయిస్తుంది. ఆ ఏడాదంతా సాధారణంగా అక్కడే ఉండాలి. కంప్యూటర్ సైన్స్ చదవడానికి వచ్చిన పిల్లాడికి మెస్సో, ఫారమో, ఊడ్చే పనో పడితే మూతి ముడుచుకుంటాడు. రెండో ఏడాది నుంచి మనం దరఖాస్తు పెట్టుకుని, ఇంటర్వ్యూకి వెళ్లి, నచ్చిన విభాగానికి మారొచ్చు. పైమెట్టుకు వెళ్లేకొద్దీ గంట కూలి కొంచెం పెరుగుతుంది, కానీ అది చేతిఖర్చుకే. ఇంటికి పంపేంత రాదు. పనికి సూపర్‌వైజరు మార్కులు వేస్తాడు. మార్కుల జాబితాతో పాటు పనికి వేరే ట్రాన్‌స్క్రిప్ట్ ఇస్తారు. పనిలో తప్పితే చదువులో తప్పినట్టే, నోటీసు వస్తుంది, మారకపోతే కాలేజీ నుంచే పంపేస్తారు.

చిక్కు ఎక్కడొస్తుందంటే గంటల లెక్కలో. 15 వారాల సెమిస్టరుకు 150 గంటలు. "ఈ వారం పరీక్షలున్నాయి, వచ్చే వారం చేద్దాం" అని వదిలేస్తే బాకీ పేరుకుంటుంది. అమెరికన్ పిల్లలైతే ఎలాగో తంటాలు పడి తీర్చేస్తారు. ఎఫ్-1, అంటే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు తరగతులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. అంటే ఒక వారం బాకీ తీర్చడానికి ఇంకో వారమంతా గరిష్ఠ పరిమితిలో పనిచేయాలి, మూడు వారాల బాకీ పడితే సెమిస్టరు చివర్లో ఊపిరి ఆడదు. గంటా అరగంటా ముక్కలుగా కాకుండా రెండున్నర గంటల చొప్పున వారానికి 4 రోజులు టైంటేబుల్లో ముందే వేసేసుకోవడం మేలు. బెరియాలో ఒక క్రెడిట్ అంటే మామూలు లెక్కలో 4 సెమిస్టర్ గంటలు. మామూలుగా ఒక కోర్సుకు ఒక క్రెడిట్. డిగ్రీకి 32 క్రెడిట్లు, 8 సెమిస్టర్లలో పూర్తిచేయాలంటే సెమిస్టరుకు 4 కోర్సులు. తరగతులు, చదువు, పని అన్నీ కలిపితే వారానికి 45 నుంచి 50 గంటలు అలవోకగా దాటుతుంది.

పని ఎలా ఉంటుందో ఒకటి దగ్గరగా చూద్దాం. చీపుళ్ల విభాగం 1920 నుంచి ఉంది. అక్కడ వాడేది మనలా కొండచీపురు గడ్డి కాదు. జొన్న జాతిలోనే గింజ కోసం కాకుండా కంకి పోచల కోసం పెంచే రకం ఒకటుంది. గింజలు దులిపి, పొడవును బట్టి, సన్నం లావును బట్టి వేరుచేసి, నీళ్లలో తడిపి మెత్తబరుస్తారు. ఎండు పోచను వంచితే పుటుక్కున విరుగుతుంది. మరీ నానితే ఇంకో తంటా: ఆరాక పోచలు కుంచించుకుపోయి, చుట్టినప్పుడు బిగుతుగా ఉన్న తీగ వదులైపోతుంది, నెల తిరక్కుండానే చీపురు తల కర్ర మీద గిలకలాడుతుంది. కర్రకు కన్నం వేసి తీగ కొస దిగ్గొట్టి, కర్రను యంత్రంలో పెట్టి తిప్పుతూ, పోచలను పొరలు పొరలుగా పేర్చి తీగ చుడతారు. లోపల పొట్టి పోచలు, రెండు పక్కలా భుజాలు, పైన పొడవాటి మేలు రకం. తీగ ఎప్పుడూ ఒకే బిగువులో ఉండాలి. కొత్తవాళ్లు తప్పేది ఇక్కడే. ఆ తర్వాత మెడ దగ్గర కాడలు కోసి, బాగా ఆరబెట్టి, బల్లకు బిగించిన పట్టుకారులో చప్పగా నొక్కి, పెద్ద సూదితో దారపు కుట్లు వేస్తారు. ఇలా చప్పటి చీపురు చేసే పద్ధతి షేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ల నుంచి వచ్చింది. వాళ్ల పాత ఊరు ప్లెజెంట్ హిల్ కూడా కెంటకీలోనే ఉంది. ఈ చీపుళ్లు, నేత బట్టలు, కొయ్య సామాను ఊళ్లో అమ్ముతారు. చవకేం కాదు, కానీ తీసుకుంటే ఏళ్ల తరబడి మన్నుతాయి.

గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ 1885లో, మచిలీపట్నం నోబుల్ కాలేజీ 1843లో, రెండూ మిషనరీల చేతుల మీదుగానే మొదలయ్యాయి. పేదవాడికి చదువు చెప్పాలన్న పట్టుదల అక్కడా ఇక్కడా ఒకటే. కానీ మన నేల మీద చదువంటే చీపురు చేతిలోంచి జారిపోవడం. ఎవరి చేతిలో చీపురు ఉండాలో కులం ముందే రాసిపెట్టిన చోట అది న్యాయమైన కోరికే. బెరియా మాత్రం అందరి చేతికీ చీపురిచ్చి, దానికి మార్కులూ వేసింది. ఎవరింట పుట్టినా అదే దొడ్డి, అదే గిన్నెల తొట్టి.

కాలేజీ ఫారం 1871 నుంచి నడుస్తోంది. పశువులు, పందులు, కూరగాయలు విద్యార్థులే చూసుకుంటారు. పండినది ఫారం దుకాణానికీ మెస్సుకూ వెళ్తుంది. సుమారు 9,000 ఎకరాల అడవి కూడా కాలేజీదే. నరికిన దుంగలను అక్కడ గుర్రాలతో లాగిస్తారు, పెద్ద యంత్రాలు దిగితే నేల గట్టిపడి మొలకలు చస్తాయని. అక్టోబరులో ఒక రోజు తరగతులన్నీ ఆపేసి అందరూ ఇండియన్ ఫోర్ట్ కొండ ఎక్కుతారు. 1875 నుంచి వస్తున్న ఆచారం. పిక్నిక్ కదా అని చెప్పులతో వెళ్తే పాదాలు పుళ్లే, పట్టున్న బూట్లు కావాలి.

మతం సంగతి. ఏ చర్చి శాఖకూ చెందని క్రైస్తవ కాలేజీ ఇది. నువ్వు ఫలానాది నమ్ముతావా అని చేర్చుకునేటప్పుడు అడగరు, ప్రార్థనకు రావాలన్న నిబంధనా లేదు. చాలా ఏళ్లపాటు క్రైస్తవాన్ని అర్థం చేసుకోవడం అన్న కోర్సు అందరికీ తప్పనిసరిగా ఉండేది. అది బోధ కాదు, విమర్శతో కూడిన చదువు. కాన్వొకేషన్లని ఉపన్యాసాలు, సంగీత కచేరీలు జరుగుతుంటాయి. వీటికి హాజరు లెక్క ఉంది, మార్కుల్లో కలుస్తుంది. ఇవి ఎక్కువగా జరిగేది ఫెల్ప్స్ స్టోక్స్ ప్రార్థనాలయంలో. పాతది 1902లో కాలిపోతే విద్యార్థుల శ్రమతోనే 1906 నాటికి కట్టిన భవనం అది.

తిండి అమెరికన్ మెస్సు తిండే. శాకాహారం దొరుకుతుంది, సాంబారు దొరకదు. కందిపొడి, పచ్చళ్లు వెంట ఉంటే ప్రాణం నిలుస్తుంది. ఊళ్లో ఒకసారైనా తినాల్సింది బూన్ టావెర్న్‌లో స్పూన్‌బ్రెడ్. 1909లో మొదలైన ఆ హోటల్ కూడా కాలేజీదే, అక్కడా విద్యార్థులు పనిచేస్తారు. పేరుకి బ్రెడ్, వాలకానికి మెత్తటి సంకటి. మరిగే పాలలో తెల్ల మొక్కజొన్న పిండి కొద్దికొద్దిగా పోస్తూ తిప్పి గట్టిపడేదాకా ఉడికిస్తారు. ఒక్కసారే పోస్తే ఉండలు. పూర్తిగా చల్లారాకే గుడ్లు, వెన్న, బేకింగ్ పౌడరు కలిపి బాగా గిలకొట్టి ఓవెన్‌లో పెడతారు. వేడి మీద గుడ్డు వేస్తే అట్టు ముక్కలైపోతుంది. గుడ్డు తిననివాళ్లు ముందే గుర్తుపెట్టుకోవాలి.

చదువు నాణ్యత గురించి ఒక్క పేరు చాలు. జాన్ ఫెన్ ఇక్కడ 1937లో డిగ్రీ చదివాడు, 2002లో రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు. హైదరాబాద్ ఫార్మా ల్యాబుల్లో ఎల్‌సీ-ఎంఎస్ యంత్రం ముందు కూర్చునేవాళ్లు అణువుల బరువు కొలవడానికి రోజూ వాడే ఎలక్ట్రోస్ప్రే పద్ధతి ఆయన పుణ్యమే. అయితే ఇది డిగ్రీ కాలేజీ. ఎంఎస్, ఎంబీఏ ఉండవు. కంప్యూటర్ సైన్స్, నర్సింగ్, వ్యవసాయం, ఇంజినీరింగ్ టెక్నాలజీ ఉన్నాయి. మన పద్ధతి బీటెక్ కావాలంటే ఇది చోటు కాదు. తరగతులు చిన్నవి, రాత పని ఎక్కువ. ఇంటర్లో ఎంపీసీ బట్టీ పట్టి వచ్చినవాళ్లకు మొదటి సెమిస్టరు రాత కోర్సే గండం. మొదటి చిత్తుప్రతిని చివరి ప్రతిగా ఇచ్చేసి సీ గ్రేడు తెచ్చుకుంటారు. రాసింది రెండు మూడుసార్లు తిరగరాయాలన్న సంగతి ముందే తెలుసుకుంటే గట్టెక్కొచ్చు.

మన పిల్లలు దరఖాస్తు చేసేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని. బ్యాంకు నిల్వ ఘనంగా చూపించే అలవాటు ఇక్కడ ఎదురు తిరుగుతుంది. కుటుంబ ఆదాయం తక్కువని కాగితాలతో నిరూపించుకోవాలి. ఇతర దేశాల పిల్లలకు మొదటి ఏడాది ట్యూషన్, గది, భోజనం, ఫీజులన్నీ కాలేజీయే భరిస్తుంది. ఆ తర్వాత ఏడాదికి 1,000 డాలర్లు మన వంతుగా పెట్టుకోమంటుంది, దానికోసం వేసవిలో పనీ చూపిస్తుంది. అంటే వేసవికి ఇంటికి రావడం అన్న ఆశ మొదట్లోనే తగ్గించుకోవాలి. విమానం టికెట్, వీసా ఫీజు 185 డాలర్లు, విదేశీ విద్యార్థుల నమోదుకు అమెరికా ప్రభుత్వం తీసుకునే సెవిస్ ఫీజు 350 డాలర్లు సొంత ఖర్చు. లాప్‌టాప్ కొనక్కర్లేదు, కాలేజీ ఇస్తుంది, డిగ్రీ అయ్యాక అది మనదే. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు "ఖర్చు ఎవరు పెడతారు" అన్న ప్రశ్నకు, వీసా కోసం కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రంలో కాలేజీ నిధుల వరుస చూపిస్తే చాలు. నాన్న, బాబాయి అఫిడవిట్లు జతచేసి గందరగోళం చేయొద్దు. ఎంఎస్ సీట్ల మీద బతికే కన్సల్టెన్సీలకు ఈ కాలేజీతో పనుండదు కాబట్టి వాళ్లు దీని పేరెత్తరు. దరఖాస్తు ఎవరికి వాళ్లు చేసుకోగలిగినదే. వ్యాసాల్లో ర్యాంకుల చిట్టా కంటే ఇంట్లో, పొలంలో, కొట్లో చేసిన పని గురించి రాయడం మేలు.

ఎక్కువమందికి తెలియనిది పన్ను. ట్యూషన్‌కు ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద పన్ను లేదు. గదికీ భోజనానికీ ఇచ్చిన దాన్ని అమెరికా ఆదాయంగా లెక్కగట్టి, ఎఫ్-1 వాళ్లకు 14 శాతం పట్టుకుంటుంది. ఉదాహరణకు గది, భోజనం కలిపి 8,000 డాలర్లయితే 1,120 డాలర్లు. మనవాళ్లకు ఇక్కడో వెసులుబాటు ఉంది. భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం కింద భారతీయ విద్యార్థులు స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఆదాయంలో పన్ను లేకుండా తీసేసే నిర్ణీత మొత్తం, తీసుకోవచ్చు. మిగతా దేశాల వాళ్లలో చాలామందికి ఇది లేదు. పట్టుకున్నది చాలావరకు వెనక్కి వస్తుంది, కానీ ఏప్రిల్ 15 లోపు విదేశీయుల పన్ను రిటర్ను అయిన 1040-ఎన్‌ఆర్ ఫారం, దాంతో విద్యార్థులు ఇచ్చే 8843 ఫారం వేస్తేనే. స్నేహితుడు చెప్పాడని మామూలు 1040 వేస్తే అది తప్పు ఫారం, సరిచేసుకోవడానికి చాలాకాలం పడుతుంది. చేరిన మొదటి వారాల్లోనే కాలేజీ ఇచ్చే పని ఉత్తరం పట్టుకుని, జీతానికీ పన్నుకూ కావాల్సిన ప్రభుత్వ గుర్తింపు సంఖ్య అయిన సోషల్ సెక్యూరిటీ నంబరుకు వెళ్లాలి. అది లేకపోతే పన్ను కాగితాలు అక్కడే ఆగుతాయి.

లోపాలు లేవా? ఊరు చిన్నది, కారు లేకపోతే లెక్సింగ్టన్ విమానాశ్రయం కూడా దూరాభారమే. తెలుగు మాట వినపడటం అరుదు. కాలేజీ పేరు చెబితే మన బంధువులెవరూ గుర్తుపట్టరు. పెళ్లి సంబంధాల్లో చెప్పుకోవడానికి పనికిరాదు. పనికీ చదువుకీ మధ్య నలిగి చివరి ఏడాది దాకా రాలేకపోయేవాళ్లూ ఉంటారు. ఇంట్లో తిన్న కంచం తీయని పిల్లవాడిని ఉచితం కదా అని పంపితే మొదటి అక్టోబరుకే ఫోన్లు మొదలవుతాయి.

ప్రపంచం మొత్తానికి 30 సీట్లని మర్చిపోవద్దు. మంచి మార్కులున్నా రాకపోవడమే ఎక్కువ. కాబట్టి ఇంటర్ రెండో ఏడాది సెప్టెంబరు నుంచి టోఫెల్ లాంటి ఇంగ్లిష్ పరీక్ష, ఇద్దరు లెక్చరర్ల సిఫార్సు ఉత్తరాలు, ఆదాయం కాగితాలు సిద్ధం చేసుకుంటూనే ఎప్‌సెట్‌కూ కూర్చోవాలి. చేతికి ఐ-20 వచ్చి, పాస్‌పోర్టు మీద వీసా ముద్ర పడేదాకా కౌన్సెలింగ్ సీటు వదులుకోవద్దు.